స్కూల్ ఇచ్చిన ట్యాబ్ ఇంట్లో ఎవరిది?

2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. అప్పుడు చెప్పిన లెక్క ప్రకారం 4,59,564 మంది విద్యార్థులు, 59,176 మంది టీచర్లు, మొత్తం 5,18,740 ట్యాబ్‌లు. శామ్‌సంగ్ కంపెనీవి, 8.7 అంగుళాల తెర. బైజూస్ పాఠాలు మెమరీ కార్డులోనే వేసి ఇచ్చారు కాబట్టి ఇంట్లో నెట్ లేకపోయినా పాఠం ఆడుతుంది. ఏడాది తర్వాత రెండో విడత అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో మొదలైంది. సిగ్నల్ కోసం కొండెక్కాల్సిన ఊళ్ళున్న చోట పాఠం మెమరీ కార్డులో ఉండటం ఎంత అవసరమో అక్కడివాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పిల్లలకు అక్కర్లేనివి కనపడకుండా సాఫ్ట్‌వేర్ వేశామని, వాళ్ళు ఏం చూశారో టీచర్లకూ తల్లిదండ్రులకూ తెలుస్తుందని ప్రభుత్వం గట్టిగానే చెప్పింది. అయినా పిల్లలు ఆ లాక్ తీసేసి యూట్యూబ్ చూస్తున్నారని, గేములు ఆడుతున్నారని వార్తలు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. దాంతో ఊరూరా రెండు మాటలే వినిపించాయి. పిల్లలకు ట్యాబ్ ఇవ్వడమే తప్పని కొందరు, పిల్లలే చెడిపోయారని కొందరు. ఆ లాక్ అసలు ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్నది మాత్రం తల్లిదండ్రులకు కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు తక్కువ.

అది చెప్పుకుందాం. స్కూల్ పరికరాల్లో వేసే లాక్‌ను మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్ అంటారు, పొట్టిగా ఎండీఎం. ఫోన్ కొత్తగా ఆన్ చేసినప్పుడే దానికి యజమాని ఫలానా శాఖ అని నమోదు చేస్తారు. ఇక ఆ పరికరంలో ఏ యాప్ ఉండాలి, ఏది ఉండకూడదు, సెట్టింగ్స్ ఎవరు మార్చవచ్చు అన్నది ఆ శాఖ చేతిలో ఉంటుంది. పరికరం నంబరును కంపెనీ సర్వర్‌లోనే ముందుగా కట్టేస్తే ఎన్నిసార్లు రీసెట్ చేసినా నెట్‌కు కలవగానే లాక్ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. అలా కట్టకుండా పైపైన వేస్తే ఒక్క రీసెట్‌తో పోతుంది. క్లాసులో ఒక్కరికి దారి తెలిస్తే చాలు, మిగతావాళ్ళకు సాయంత్రానికి తెలిసిపోతుంది. ఈ తేడా పదమూడేళ్ళ పిల్లాడి శీలానికి సంబంధించింది కాదు, ట్యాబ్ సిద్ధం చేసినవాళ్ళ పనితనానికి సంబంధించింది.

ఇది మన ఊళ్ళకే వచ్చిన ఇబ్బంది అనుకోనక్కర్లేదు. 2013లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ స్కూల్ జిల్లా ప్రతి విద్యార్థికీ ఐప్యాడ్ ఇవ్వాలని మొదలుపెట్టింది, మొత్తం పథకం విలువ సుమారు 130 కోట్ల డాలర్లు. ఇచ్చిన కొద్ది రోజులకే 300 మందికి పైగా హైస్కూల్ పిల్లలు లాక్ తీసేశారు. ఎలాగంటే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి స్కూల్ పెట్టిన ప్రొఫైల్‌ను డిలీట్ చేశారు, అంతే. వాళ్ళు ఏదో పెద్ద హ్యాకింగ్ చేసినట్టు అప్పట్లో రాశారు కానీ ఆ పిల్లలు వెళ్ళింది ఎక్కువగా మామూలుగా వాళ్ళు చూసే మ్యూజిక్, సోషల్ మీడియా సైట్లకే. అధికారులు కంగారుపడి ఐప్యాడ్లు ఇంటికి పట్టుకెళ్ళడం ఆపేశారు. ఇంటికి పట్టుకెళ్ళలేని పరికరంతో హోంవర్క్ ఎలా చేయాలన్నది అక్కడ తేలలేదు.

లాక్ సరిగ్గా వేసినా దానికి ఒక హద్దుంది. స్కూల్ వైఫైలో పెట్టిన ఫిల్టర్ స్కూల్ గేటు దాకే. పిల్లాడు ఇంటికొచ్చి నాన్న ఫోన్ హాట్‌స్పాట్ కలుపుకున్న నిమిషం నుంచి ఆ ఫిల్టర్‌కు పని లేదు, పరికరంలో ఉన్న లాక్ ఒక్కటే మిగులుతుంది. ఇంట్లో ఆ ట్యాబ్ పిల్లాడి ఒక్కడి చేతిలోనే ఉంటుందా అంటే అదీ లేదు. రెండు గదుల ఇంట్లో తెర అంటూ ఒకటి వస్తే అన్నయ్య పట్టుకుంటాడు, బాబాయి పాటలు ఎక్కించమంటాడు, చెల్లి రైమ్స్ అంటుంది. అన్నయ్య వెతికినవాటి ఆనవాళ్ళు తమ్ముడికి సలహాలుగా వస్తాయి. యూట్యూబ్‌కు తెర ముందున్నది ఎవరో తెలియదు, లాగిన్ అయిన అకౌంట్ ఒక్కటే తెలుసు. అందుకే స్కూల్ పరికరం గురించి ఇంట్లో పెట్టుకోవాల్సిన మొదటి నియమం పిల్లలకంటే పెద్దలకే వర్తిస్తుంది: దానిలో ఇంట్లోవాళ్ళెవరూ తమ అకౌంట్ పెట్టకూడదు.

తెలంగాణలో కథ ఇంకోలా నడిచింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి ప్రభుత్వ స్కూల్ పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి, టీచర్లు హోంవర్క్‌ను వాట్సాప్ గ్రూపుల్లో పంపారు. కోవిడ్ పోయింది కానీ చాలా చోట్ల ఆ గ్రూపులు పోలేదు, ప్రైవేట్ స్కూళ్ళలోనైతే డైరీ కూడా దాదాపు ఫోన్‌లోకి వచ్చేసింది. అంటే స్కూల్ పరికరం అని ఎవరూ ఇవ్వకపోయినా అమ్మ ఫోనే స్కూల్ పరికరమైంది. ఆ ఫోన్‌లోనే ఫోన్‌పే ఉంది, డ్వాక్రా గ్రూపు ఫొటోలున్నాయి, ఆధార్ కాపీ ఉంది, బంధువుల గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ చేసిన పనికిమాలిన వీడియో ఉంది. "హోంవర్క్ చూసుకుంటానమ్మా" అని పిల్ల అడిగి తీసుకున్నప్పుడు ఇవన్నీ కలిపి ఆమె చేతిలో పెడుతున్నాం. ప్రభుత్వ ట్యాబ్‌కు ఎంతోకొంత లాక్ ఉంది, అమ్మ ఫోన్‌కు అదీ లేదు.

గేముల్లో డబ్బు పోయే దారి ఇదే. ఫ్రీ ఫైర్‌లో డైమండ్స్ కొనడం గురించి ఏడో తరగతి పిల్లలను అడిగితే రేట్లతో సహా చెబుతారు. యూపీఐ పిన్ దొంగిలించాల్సిన పని కూడా లేదు, కూరగాయల బండి దగ్గర అమ్మ నొక్కుతుంటే పక్కనే నిలబడి చూసి ఉంటారు. ఆ గేమ్‌ను కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది కానీ దానికి జంటగా ఉన్న మ్యాక్స్ వెర్షన్ నడుస్తూనే ఉంది, పిల్లలు హాయిగా అందులోకి మారారు. ఇంట్లో చేయగలిగింది చిన్నదే: ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టడం, యూపీఐ యాప్‌కు వేరే లాక్ వేయడం, పిన్ మూడు నెలలకోసారి మార్చడం. పది నిమిషాల పని.

ఇప్పుడు రెండో వైపు చూడాలి, మన దగ్గర దీని గురించి మాట్లాడేవాళ్ళే లేరు. ఆ ట్యాబ్‌లో పిల్లలు చూస్తున్నది ఏమిటన్నదానిపై అందరికీ దిగులుంది, ఆ ట్యాబ్ పిల్లలను ఎంతవరకు చూస్తున్నదన్న దిగులు ఎవరికీ లేదు.

2010లో అమెరికాలో, పెన్సిల్వేనియాలోని లోయర్ మెరియన్ స్కూల్ జిల్లా మీద ఒక విద్యార్థి కుటుంబం కేసు వేసింది. ఆ జిల్లా హైస్కూల్ పిల్లలకు సుమారు 2,300 ఆపిల్ ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. పోతే దొరకబుచ్చుకోవడానికని వాటిలో ఒక సాఫ్ట్‌వేర్ వేసింది, అది ఆన్ చేస్తే కెమెరా తనంతట తాను కొద్ది నిమిషాలకోసారి ఫొటో తీసి స్కూల్ సర్వర్‌కు పంపుతుంది. ఈ సంగతి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ చెప్పలేదు. ఆ అబ్బాయి తన గదిలో ఉండగా ల్యాప్‌టాప్ తీసిన ఫొటో చూపించి, నువ్వు ఏవో మాత్రలు వాడుతున్నావని స్కూల్లో నిలదీశారు. అవి మిఠాయిలని కుటుంబం చెప్పింది. తవ్వితే ఫొటోలు, స్క్రీన్‌షాట్లు కలిపి 50 వేలకు పైగా బయటపడ్డాయి, నిద్రపోతున్న పిల్లల ఫొటోలతో సహా. చివరికి ఆ జిల్లా 6,10,000 డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. ఎవరో దుర్మార్గుడు చేసిన పని కాదిది. దొంగతనం ఆపాలన్న మంచి ఉద్దేశంతో పెట్టిన ఏర్పాటు, ఎవరు ఎప్పుడు ఆన్ చేయవచ్చో నియమం లేకపోవడం వల్ల ఇలా తయారైంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకు ఇది పాత వార్త కాదు, రోజూ ఇంట్లో ఉండే సంగతి. అక్కడ చాలా స్కూళ్ళు పిల్లలకు క్రోమ్‌బుక్ అనే ల్యాప్‌టాప్ ఇస్తాయి. గోగార్డియన్, సెక్యూర్లీ, గ్యాగల్ లాంటి సాఫ్ట్‌వేర్‌లలో ఏదో ఒకటి చాలా చోట్ల నడుస్తూ ఉంటుంది, వెతికిన మాటలనూ రాసిన డాక్యుమెంట్లనూ చదివి, ఆత్మహత్య లాంటి పదం కనిపిస్తే స్కూల్‌కు కబురు పంపుతుంది. దీనివల్ల నిజంగా ఆపదలో ఉన్న పిల్లను ఎవరైనా సమయానికి పట్టించుకోవచ్చు, కథ రాసుకుంటున్న పిల్లను అనవసరంగా కూర్చోబెట్టి ప్రశ్నించనూ వచ్చు. రెండూ జరిగేవే. తల్లిదండ్రులకు తెలియనిది ఇంకొకటుంది. పిల్ల తన స్కూల్ అకౌంట్‌తో ఇంట్లో సొంత కంప్యూటర్‌లోని క్రోమ్‌లో లాగిన్ అయితే, స్కూల్ పెట్టిన ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు, ఆ ప్రొఫైల్‌తో పాటే ఇంటి కంప్యూటర్‌కు వచ్చేస్తాయి. ఆ ప్రొఫైల్‌లోనే నాన్న వీసా కాగితాలు తెరిచినా, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ బ్యాంకు చూసుకున్నా అది కూడా ఆ కిటికీలోంచి కనిపించే అవకాశం ఉంది. స్కూల్ అకౌంట్‌కు వేరే ప్రొఫైల్, ఇంట్లోవాళ్ళకు వేరే ప్రొఫైల్ ఉండాలి, ఒకదాంట్లోకి ఇంకొకరు పోకూడదు.

మన దేశంలో చట్టం వచ్చింది. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు అందరూ పిల్లలే. వాళ్ళ సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, అది నిజంగా తల్లిదండ్రులే ఇచ్చారని తేల్చుకోవాలి. పిల్లల కదలికలను వెంటాడటం, అలవాట్లు గమనించడం, వాళ్ళకు గురిపెట్టి ప్రకటనలు చూపించడం కూడదు. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. అయితే విద్యాసంస్థలకు ఒక సడలింపు ఉంది: చదువుకు సంబంధించిన పనుల కోసం గానీ పిల్లల భద్రత కోసం గానీ గమనించవచ్చు. సడలింపు అవసరమే, హాజరు తీసుకోవడం కూడా గమనించడమే కదా. కానీ "భద్రత కోసం" అన్న మాట లోయర్ మెరియన్ వాళ్ళూ అన్నారని గుర్తుంచుకోవాలి. స్కూల్ ఏం చూడగలదు, ఏం చూడలేదు, కెమెరా దాని చేతిలో ఉందా లేదా అన్నది ట్యాబ్ ఇచ్చే రోజే కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వాలి.

పాఠాలు ఇచ్చే యాప్‌ల సంగతీ ఇంతే. కోవిడ్ కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు వాడమన్న 164 చదువు యాప్‌లను, సైట్లను హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ పరిశీలించి 2022లో నివేదిక ఇచ్చింది. వాటిలో 89 శాతం పిల్లల సమాచారం విషయంలో హక్కులకు భంగం కలిగించేలా ఉన్నాయని తేల్చింది, మన దీక్షా యాప్ పిల్లలు ఎక్కడున్నారో లొకేషన్ తీసుకోగలదని అందులో ఉంది. పాఠ్యపుస్తకం మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునేది ఆ దీక్షానే. ఇక 2023 జనవరిలో, దానికి సంబంధించిన ఒక సర్వర్‌కు తాళం వేయకుండా వదిలేయడం వల్ల లక్షల మంది టీచర్ల, విద్యార్థుల వివరాలు బయట పడి ఉన్నాయని బయటికొచ్చింది. ఒక జామెట్రీ పాఠం చూడటానికి లొకేషన్ అనుమతి ఎందుకన్న ప్రశ్న పిల్లలకు నేర్పాలి, పర్మిషన్ అడిగినప్పుడల్లా "అలో" నొక్కడం మనకు అలవాటైపోయింది, వాళ్ళకు కాకూడదు.

బైజూస్ మీద 2024 జులై 16న దివాలా ప్రక్రియ మొదలైంది. ట్యాబ్‌ల పంపిణీ నాటికి దేశంలో అంత పెద్ద చదువు కంపెనీ ఇంకోటి లేదు. మెమరీ కార్డులో ఉన్న పాఠాలు అలాగే ఉంటాయి కాబట్టి ఆ మేరకు నష్టం లేదు. కానీ ఏ కంపెనీ మూతపడినా దాని దగ్గరున్న పిల్లల సమాచారం కుర్చీలు, కంప్యూటర్ల లాగా ఆస్తుల లెక్కలోకి పోకుండా చూసుకోవాలి. సమాచారం ఎన్నాళ్ళు దాచాలి, ఎప్పుడు చెరిపేయాలి, కంపెనీ చేతులు మారితే ఏం జరగాలి అన్న మూడు వాక్యాలు ఒప్పందంలో ఉన్నాయా అని అడిగే హక్కు స్కూల్ తల్లిదండ్రుల కమిటీకి ఉండాలి.

ఇన్ని చెప్పుకున్నా పిల్లలకు అన్నిటికంటే పెద్ద ప్రమాదం యాప్ వల్ల కాదు, అవతల ఉన్న మనిషి వల్ల. అది ఒకే పద్ధతిలో నడుస్తుంది. గేమ్ చాట్‌లోనో ఇన్‌స్టాలోనో ఒక పరిచయం, తన ఈడువాళ్ళే అన్నట్టు మాట. కొన్ని రోజులు మంచిగా ఉంటారు, అమ్మానాన్నల మీద చాడీలు ఓపికగా వింటారు, రీచార్జ్ వేయిస్తారు. తర్వాత వేరే యాప్‌లోకి రమ్మంటారు, ఒక ఫొటో అడుగుతారు, లేదా వీడియో కాల్ చేసి స్క్రీన్ రికార్డ్ చేస్తారు. అక్కడి నుంచి బెదిరింపు. అమ్మాయిలకే ఇది జరుగుతుందనుకోవడం పొరపాటు, డబ్బు కోసం బెదిరించేవాళ్ళకు అబ్బాయిలు చాలా తేలిగ్గా దొరుకుతారు, పైగా మగపిల్లలు ఇంట్లో చెప్పరు.

ఆ బెదిరించేవాడి బలమంతా ఒక్క వాక్యంలో ఉంటుంది: మీ ఇంట్లో తెలిస్తే నిన్ను చంపేస్తారు. ఆ వాక్యాన్ని నిజం చేసిపెడుతున్నది మనమే. "ఇంకోసారి చూశానంటే ట్యాబ్ నేలకేసి కొడతా", "ఫోన్ లాక్కుని స్కూల్ మాన్పిస్తా" అని రోజూ అంటూ ఉంటే, అసలైన కష్టం వచ్చిన రోజు ఆ పిల్ల ఎవరి దగ్గరికి వెళ్తుంది? ఆడపిల్ల విషయంలో "స్కూల్ మాన్పిస్తా" అన్నది ఉత్త బెదిరింపు కూడా కాదు, మాన్పించిన ఇళ్ళున్నాయి, పెళ్ళి చేసేసిన ఇళ్ళున్నాయి. అందుకే ట్యాబ్ ఇంటికి వచ్చిన రోజే, ఏమీ జరగక ముందే, పిల్లలతో ఈ మాట అనాలి: "ఎవరైనా ఇబ్బంది పెడితే, తప్పు నీదైనా సరే, వచ్చి చెప్పు. ట్యాబ్ లాక్కోను, కొట్టను, చదువు మాన్పించను." అని ఊరుకుంటే సరిపోదు, మొదటిసారి చిన్న తప్పు చెప్పుకున్నప్పుడు నిజంగానే తిట్టకుండా వినాలి. ఎనిమిదో తరగతి పిల్లలు ఆ ఒక్కసారి చూసే తేల్చుకుంటారు.

చెప్పాక ఏం చేయాలంటే, డబ్బు పంపకూడదు, ఒకసారి పంపితే మళ్ళీ అడుగుతారు. చాట్ డిలీట్ చేయకూడదు, భయంతో అందరూ మొదట చేసేది అదే, సాక్ష్యం అంతా దాంతో పోతుంది. అవతలివాడి ప్రొఫైల్ పేరు, నంబర్, మాటలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని ఆ తర్వాత బ్లాక్ చేయాలి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, గంటల్లో చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. ఫొటోలు, బెదిరింపులైతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగం వేరుగా ఉంది, అందులో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. ఎవరితో మాట్లాడాలో తోచని పిల్లలకు చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఇంకొకటి ఉంది, 18 ఏళ్ళ లోపు తీసిన ఫొటోలకు. ఫొటోను ఎవరికీ పంపనక్కర్లేదు, ఫోన్‌లోనే దానికి ఒక గుర్తు సంఖ్య తయారై అది మాత్రమే వెళ్తుంది, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ లాంటివి ఆ సంఖ్యతో పోల్చి ఫొటోను తీసేస్తాయి.

ఇక్కడ టీచర్లు తెలుసుకోవాల్సింది ఒకటి ఉంది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. పరువు పోతుందని హెచ్‌ఎం గదిలో ఇరువైపులా కూర్చోబెట్టి రాజీ చేయడం చట్టం ఒప్పుకోదు. అలాగే ఆ ఫొటోను "చూడండి సార్ ఏం జరిగిందో" అని స్టాఫ్ గ్రూపులో పెట్టడం, పేరెంట్స్ గ్రూపులో పెట్టడం ఐటీ చట్టం 67బీ సెక్షన్ కిందికి వచ్చే నేరం. ఉద్దేశం మంచిదైనా ఆ ఫొటో ఇంకో పది ఫోన్లలోకి చేరినట్టే. ఫోన్‌ను ఉన్నదున్నట్టు పోలీసులకు చూపించాలి, ఎవరికీ ఫార్వర్డ్ చేయకూడదు.

అమెరికాలో ఫిల్టర్ పెట్టడం 2000 నాటి చట్టంతో వచ్చింది, స్కూళ్ళు ఇంటర్నెట్‌కు ప్రభుత్వ రాయితీ తీసుకోవాలంటే ఫిల్టర్ ఉండాలి. ఎనిమిదేళ్ళకు ఆ చట్టానికి ఇంకో షరతు చేర్చారు: నెట్‌లో ఎలా నడుచుకోవాలో, వేధింపులు వస్తే ఏం చేయాలో పిల్లలకు నేర్పాలి. ఫిల్టర్ ఒక్కటే చాలదని వాళ్ళకు తెలియడానికి అంత కాలం పట్టింది. మన దగ్గర ట్యాబ్ తీసుకునేటప్పుడు పెట్టించే సంతకానికి ఒక పేజీ జోడిస్తే ఖర్చేమీ కాదు. అందులో ఈ ట్యాబ్ స్కూల్‌ది, మీ దగ్గర ఇన్నేళ్ళు ఉంటుంది అని ఉండాలి. పగిలితే ఎక్కడ ఇవ్వాలి, పిల్ల చేతిలో పగిలితే డబ్బు అడుగుతారా లేదా అన్నది సూటిగా ఉండాలి, ఎందుకంటే ఆ భయంతోనే చాలా ట్యాబ్‌లు బీరువాలోకి పోతాయి. సొంత ఫొటోలు, బ్యాంకు, ఆధార్ ఇందులో వద్దు అని ఉండాలి. లాక్ పోయిందని పిల్లలు తమంతట తాము వచ్చి చెబితే మళ్ళీ వేసి ఇస్తారని, శిక్ష ఉండదని ఉండాలి. లాక్ ఎలా పోయిందో టీచర్‌కు తెలిసేది పిల్లల ద్వారానే.

పదో తరగతి అయిపోయాక సంగతి కూడా ఆ పేజీలోనే రాయాలి. ట్యాబ్ తిరిగి ఇచ్చినా, తమ్ముడి చేతికి పోయినా, పాతసామాన్ల అంగడికి చేరినా, దానిలో పిల్లల మూడేళ్ళ జీవితం ఉంటుంది. ముందు కావాల్సిన నోట్సు, ఫొటోలు వేరే చోటికి ఎక్కించుకోవాలి, తర్వాత అందులో పెట్టిన అకౌంట్లన్నీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తీసేయాలి, ఆ తర్వాత స్కూల్ వాళ్ళతో పూర్తిగా చెరిపించాలి. మెమరీ కార్డును మాత్రం విడిగా చూసుకోవాలి. ట్యాబ్‌ను రీసెట్ చేసినా కార్డులో ఉన్నవి మామూలుగా చెరిగిపోవు, క్లాసులో స్నేహితులతో తీసుకున్న ఫొటోలు ఆ కార్డులో ఉండిపోవచ్చు.